నొక్కొద్దని చెప్పే బటన్

పెళ్లిళ్లలో నన్ను చూడగానే చుట్టాలు ఫోన్లు బయటికి తీస్తారు. "సైబర్ సెక్యూరిటీలో చేస్తున్నావటగా, మా వాడి ఇన్‌స్టా అకౌంట్ పోయింది, కాస్త చూడమ్మా" అంటారు. మా పెదనాన్న అయితే ప్యాటర్న్ మర్చిపోయిన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, భోజనాలయ్యేలోపు తెరిచి ఇవ్వమన్నారు. నాకు హ్యాకింగ్ రాదు. హ్యాకింగ్‌ని ఆపడమూ రాదు. నేను బొమ్మలు వేస్తాను.

కొంచెం వివరంగా చెప్పాలంటే, హ్యాకర్ల నుంచి మిమ్మల్ని కాపాడతాం అని చెప్పుకునే కంపెనీలకు బ్రోషర్లు, ఇన్ఫోగ్రాఫిక్‌లు, నొక్కితే పేజీలు మారే డిజిటల్ గైడ్‌లు డిజైన్ చేస్తాను. వాళ్ల ఇంజినీర్లు పద్నాలుగు పేజీల ఇంగ్లిష్ డాక్యుమెంట్ పంపిస్తారు. అందులో ర్యాన్సమ్‌వేర్, ఎండ్‌పాయింట్, జీరో ట్రస్ట్ లాంటి మాటలుంటాయి. దాన్ని ఓ ఆసుపత్రి మేనేజరో, రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారో, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ డీలరో టీ తాగే టైమ్‌లో చదివి అర్థం చేసుకునేలా మార్చాలి. అర్థమయ్యాక ఆ కంపెనీకి ఫోన్ చేయాలనిపించాలి. జీతం వచ్చేది ఆ రెండో దాని వల్లే. అందుకే దీన్ని మార్కెటింగ్ అంటారు.

బెజవాడలో ఇలాంటి పని ఏముంటుంది, హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి కదా అని చాలామంది అడుగుతారు. నిజానికి ఈ ఊరికి కాగితం మీద అక్షరాన్ని అందంగా కూర్చడం పాత విద్య. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు చుట్టూ పుస్తకాల షాపులు, ప్రెస్‌లు, డీటీపీ సెంటర్లు చూస్తూ పెరిగినవాళ్లం. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన డీటీపీ నుంచే వచ్చారు. శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, గైడ్ పుస్తకాలు అన్నీ చేసిన చేయి. నేను చేరిన మొదటి వారం ఆయన చెప్పింది ఒకటే: "చదివేవాడు కూర్చుని చదువుతాడా, నిలబడి చదువుతాడా? ముందు అది తేల్చుకో. ఫాంట్ సంగతి తర్వాత చూద్దాం."

ఆ ప్రశ్నకి జవాబు దొరికితే సగం డిజైన్ అయిపోయినట్టే. మా పాఠకులు నిలబడే చదువుతారు. షాపు కౌంటర్ వెనక, బస్సులో, ఆసుపత్రి లిఫ్ట్ దగ్గర. చేతిలో ఫోన్ నిలువుగా ఉంటుంది. వేళ్లలో ఒక్క బొటనవేలే ఖాళీ.

పీడీఎఫ్ పుట్టింది ఆ బొటనవేలి కోసం కాదు. అడోబ్ దాన్ని 1993లో తెచ్చింది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ చెక్కుచెదరకుండా ఒకేలా రావాలన్నది దాని లక్ష్యం. ఆ గుణమే ఫోన్‌లో తలనొప్పి అయింది. ఏ4 పేజీ ఫోన్‌లోనూ ఏ4 పేజీగానే ఉంటుంది. చదవాలంటే రెండు వేళ్లతో సాగదీయాలి, పక్కకి జరపాలి, మళ్లీ కుదించాలి. మూడో పేజీకి విసుగొచ్చి వాట్సాప్‌లోకి వెళ్లిపోతారు.

ఇంక "ఇంటరాక్టివ్" అనే మాట సంగతి. లాప్‌టాప్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరిస్తే బటన్ నొక్కగానే బొమ్మ కింద వివరం కనిపించడం, మళ్లీ నొక్కితే మాయమవడం బాగుంటుంది. క్లయింట్ మీటింగ్‌లో చప్పట్లు కూడా పడతాయి. అదే ఫైల్‌ని వాట్సాప్‌లో పంపి ఫోన్‌లో తెరవండి. చాలా ఫోన్ యాప్‌లలో ఆ మాయాజాలం ఏదీ పని చేయదు. నమ్మకంగా పని చేసేది ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే మామూలు లింకు ఒక్కటే. కాబట్టి మేం దాంతోనే బండి నడుపుతాం. పేజీని ఫోన్ ఆకారంలో నిలువుగా పెట్టుకుంటాం. ఒక పేజీలో ఒకే ప్రశ్న: "ఈ మెయిల్ నిజమైనదా?" కింద రెండు పెద్ద బటన్లు, అవును, కాదు. ఏది నొక్కితే ఆ జవాబు పేజీకి వెళ్తుంది. చూసేవాళ్లకి ఆటలా ఉంటుంది. లోపల ఉన్నది పేజీ నంబర్లే.

తెలుగులో చేయాలంటే ఇంకో గండం ఉంది. మన డీటీపీ లోకం ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచింది. కాగితం మీద వాటి అందం వాటిదే. కానీ అవి యూనికోడ్ కాదు. తెర మీద "బ్యాంకు" అని కనిపించినా, లోపల దాగి ఉన్నవి వేరే అక్షరాలు. ఆ పీడీఎఫ్‌లో "బ్యాంకు" అని వెతికితే దొరకదు. కాపీ చేసి పంపితే పిచ్చి గీతలు వస్తాయి. చూపు లేనివాళ్లు వాడే టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు. మోసాల గురించి హెచ్చరించే కాగితం, మోసపోయే ప్రమాదం ఉన్నవాళ్లలో కొందరికి చదవడానికే వీల్లేకుండా ఉంటే ఎలా? అందుకే మేం యూనికోడ్ ఫాంట్లే వాడతాం. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే మాత్రం ఒత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి. ఈ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పే మొదటి సెట్టింగ్ అదే.

ఇవన్నీ చేతి పనికి సంబంధించిన చిక్కులు. నేర్చుకుంటే తీరిపోతాయి. తీరని చిక్కు భయంతో వస్తుంది.

సైబర్ సెక్యూరిటీ అని వెతికితే వచ్చే బొమ్మలు మీరూ చూసే ఉంటారు. నల్లటి హుడీ వేసుకుని మొహం కనపడని మనిషి, వెనక ఆకుపచ్చ అంకెల వాన, పైన ఎర్రటి పుర్రె. క్లయింట్లు ఇప్పటికీ అదే అడుగుతారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చాక వాళ్లకి ఇంకో ఆయుధం దొరికింది. ఆ చట్టం కింద జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ అంకెని పేజీ నిండా ఎర్రగా వేయమంటారు. అంకె నిజమే. కానీ పది మంది పని చేసే డయాగ్నొస్టిక్ సెంటర్ యజమానికి 250 కోట్లు అని చూపిస్తే ఆయనేం చేస్తాడు? ఇది మన స్థాయి వ్యవహారం కాదులే అని పక్కన పడేస్తాడు. లేదా హడలిపోయి ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్ల దగ్గర ఏది పడితే అది కొంటాడు. రెండు దారుల్లోనూ ఆయన రిసెప్షన్ కంప్యూటర్ పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించిన చీటీ మీదే ఉంటుంది.

హెచ్చరిక ఎలా ఉండాలో కృష్ణా తీరంలో పుట్టినవాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి చేరితే రెండోది. క్యూసెక్కు అంటే ఏంటని కృష్ణలంకలో పదిమందిని అడగండి, ఎంతమంది చెప్తారో తెలీదు. కానీ "రెండో హెచ్చరిక ఇచ్చారంట" అన్న మాట వినగానే ఏం సర్దాలో, పిల్లల్ని ఎక్కడికి పంపాలో ఇంట్లో అందరికీ తెలుసు. అందులో పుర్రె బొమ్మ లేదు. ఒకటి, రెండు అన్న అంకెలున్నాయి, ఒక్కో అంకెకి ఒక్కో పని ఉంది. నేను చూసినవాటిలో ఇంతకంటే మంచి ఇన్ఫోగ్రాఫిక్ లేదు. దానికి బొమ్మే అక్కర్లేదు.

అయితే 2024 సెప్టెంబర్ మొదట్లో ఏం జరిగిందో కూడా మనకి గుర్తుంది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు ప్రవాహం వచ్చింది. ఊరంతా కృష్ణమ్మ వైపే చూస్తోంది. సింగ్ నగర్‌ని ముంచింది మాత్రం అటువైపున్న బుడమేరు. ఆ వారం పడవల్లో పాల ప్యాకెట్లు పంచినవాళ్లలో నా స్నేహితులున్నారు. మేడ మీద రోజుల తరబడి ఉండిపోయినవాళ్లలో మా బంధువులున్నారు. దాన్ని పోలికకి వాడుకోవడం నాకు తేలికేం కాదు. కానీ మా పనిలో రోజూ కనిపించేది అదే. కంపెనీలు పెద్ద గేటుకి కాపలా పెట్టుకుంటాయి. నీళ్లు చిన్న కాలవలోంచి వస్తాయి.

ఆ చిన్న కాలవ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. మీరు ఎప్పుడూ సరుకు కొనే సప్లయర్ నుంచి మెయిల్ వస్తుంది. "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఈసారి పేమెంట్ కొత్త అకౌంట్‌కి పంపండి" అని. లోగో అదే, సంతకం అదే, పాత బిల్లు నంబర్ కూడా అదే. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా. డబ్బు వెళ్లాక పది రోజులకి అసలు సప్లయర్ ఫోన్ చేసి "ఏమండీ, పేమెంట్ ఇంకా రాలేదు" అంటాడు. దీని గురించి నాకొచ్చిన ఇంగ్లిష్ డాక్యుమెంట్‌లో నాలుగు పేజీలున్నాయి. మేం వేసింది మూడు బొమ్మలు. మెయిల్, పాత డైరీ, ఫోన్. కింద ఒకే వాక్యం: "అకౌంట్ మారిందంటే, మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి." ఒక రొయ్యల వ్యాపారి ఆ పేజీని ప్రింట్ తీసి తన అకౌంటెంట్ టేబుల్ అద్దం కింద పెట్టించారని తెలిసింది. ఆ నెల నాకు నిద్ర బాగా పట్టింది.

ఇన్ఫోగ్రాఫిక్ అన్న మాట పుట్టకముందే ఇలాంటి పని చేసినావిడ ఒకరున్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్. మనకి దీపం పట్టుకున్న నర్సుగానే తెలుసు. 1858లో ఆవిడ ఒక రంగుల చిత్రం గీయించారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో కంటే, నివారించదగిన వ్యాధులతోనే ఎక్కువమంది చనిపోయారని అది ఒక్క చూపులో చెప్పింది. చూసినవాళ్లు భయపడి ఊరుకోవడం ఆవిడకి అక్కర్లేదు. ఆసుపత్రులు శుభ్రం కావాలి. బొమ్మ చూశాక ఎవరు ఏం చేయాలన్నది ముందే తేల్చుకుని గీసిన బొమ్మ అది.

మా క్లయింట్ ఒకరికి చేసిన గైడ్ విషయంలో ఈ "ఏం చేయాలి" అన్నదే పెద్ద రచ్చ అయింది. ఉద్యోగుల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఆన్‌లైన్ మోసాల మీద తెలుగు గైడ్. ఇరవై పేజీలు, బటన్లు, క్విజ్. అన్నీ కుదిరాయి. ఏది చేసినా ముందు మా పిన్నికి పంపి చూడటం నాకు అలవాటు. పిన్ని పటమటలో చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతుంది. చదివిందే పదో తరగతి. ఫోన్‌లో యూపీఐ లెక్కలు మాత్రం నాకంటే బాగా చూస్తుంది. సాయంత్రం ఫోన్ చేసింది.

"అమ్మాయ్, బొమ్మలు బాగున్నాయే. కానీ నాకొక డౌటు. తెలియని లింకులు నొక్కొద్దని అయిదో పేజీలో రాశావు. కిందే 'మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి' అని రాశావు. ఇంతకీ నొక్కాలా, వద్దా?"

నేను నవ్వాను. పిన్ని నవ్వలేదు. "నవ్వుతావేంటే? నిన్న మా గ్రూపులో శుభలేఖ అని ఒకటి వచ్చింది. అది కూడా ఇలాగే రంగురంగులుగా ఉంది."

పిన్ని చెప్పిన ఆ శుభలేఖ ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన మోసమే. వాట్సాప్‌లో పెళ్లి కార్డులు పీడీఎఫ్‌లుగా రావడం మనకి మామూలైపోయింది. ఆ అలవాటు చాటునే ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. ఒకసారి పెళ్లి కార్డు పేరుతో, ఒకసారి ట్రాఫిక్ చలానా పేరుతో, ఒకసారి పీఎం కిసాన్ పేరుతో. పేరు చివర "ఏపీకే" అని ఉంటే అది కార్డు కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి ఎస్ఎంఎస్ చూడటానికి అనుమతిచ్చారంటే మీకొచ్చే ఓటీపీలు అటువైపు వాడికీ కనిపిస్తాయి. పంపింది మన చుట్టమే. ఆయన ఫోన్ అప్పటికే వాడి చేతిలో ఉంటుంది.

అంటే నేను తయారు చేసే వస్తువూ, మోసగాడు తయారు చేసే వస్తువూ ఒకే దారిలో, ఒకే వేషంలో వస్తున్నాయి. రంగుల లోగో, తొందరపెట్టే శీర్షిక, పెద్ద బటన్. నా బటన్ మంచిదని పిన్నికి ఎలా తెలియాలి? తాళం బొమ్మ పెడితే సరిపోతుందా? గూగుల్ క్రోమ్ వాళ్లే 2023లో అడ్రస్ బార్‌లోంచి తాళం బొమ్మ తీసేశారు. తాళం ఉందంటే ఆ సైట్ నమ్మదగినదని జనం అనుకుంటున్నారు. నిజానికి అది చెప్పేది దారిలో ఎవరూ తొంగి చూడట్లేదని మాత్రమే. దారి చివర కూర్చున్నది దొంగే అయినా తాళం కనిపిస్తుంది.

పిన్ని ప్రశ్న పట్టుకుని ఆఫీసులో కూర్చున్నాం. బయటికి వెళ్లే లింకులన్నీ తీసేద్దామన్నాను. గైడ్ లోపల పేజీ నుంచి పేజీకి వెళ్లే బటన్లు మాత్రమే ఉంటాయి, ఆ మాట మొదటి పేజీలోనే రాసేద్దాం. ఏదైనా వెబ్‌సైట్ చెప్పాలంటే పేరు పెద్ద అక్షరాల్లో వేద్దాం, పాఠకుడే టైప్ చేసుకుంటాడు. బ్యాంకుల విషయంలో ఇప్పుడు అది ఇంకా సులువు. రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో బ్యాంకుల సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరి పేరుకి మారాయి, ఆ గడువు 2025 అక్టోబర్ 31. ఆ చివరి పేరు చూసుకోమని చెప్తే చాలు. గైడ్ మీద తయారైన తేదీ కూడా వేద్దామన్నారు సీనియర్. ఆయన చూపించిన కారణం నాకు నచ్చింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 2021లో 155260 నంబర్‌తో మొదలైంది, తర్వాత 1930 అయింది. పాత నంబర్ వేసిన పోస్టర్‌కి ఆ సంగతి తెలీదుగా. తేదీ లేకపోతే వాట్సాప్‌లో అది ఎప్పటికీ తాజాగానే తిరుగుతూ ఉంటుంది.

ఇంతవరకూ క్లయింట్ ఒప్పుకున్నారు. అసలు గొడవ డౌన్‌లోడ్ దగ్గర వచ్చింది. గైడ్ కావాలంటే ముందు పేరు, ఫోన్ నంబర్, మెయిల్ ఇవ్వాలని వాళ్ల పట్టు. మార్కెటింగ్‌లో అది మామూలే. "ఉచితంగా ఏదో ఇస్తామంటే మీ వివరాలు ఇచ్చేయకండి అని మూడో పేజీలో మనమే రాశాం కదండీ" అన్నాను. వాళ్ల మార్కెటింగ్ మేనేజర్ సూటిగానే అడిగారు: "మరి మా సేల్స్ వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలమ్మా? మీ బిల్లు ఎక్కడి నుంచి కట్టాలి?"

న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బుతోనే నా అద్దె కూడా కడుతున్నాను. మూడు మీటింగుల తర్వాత ఒక చోటికి వచ్చాం. గైడ్ అందరికీ తెరిచే ఉంటుంది. చివరి పేజీలో మాత్రం, తమ ఆఫీసుకి భద్రతా పరీక్ష చేయించుకోవాలనుకునేవాళ్లు కంపెనీకి ఎలా ఫోన్ చేయాలో ఉంటుంది. నంబర్ ఇస్తే దేనికి వాడతామో ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది. ఆ కొత్త చట్టం అడిగేది కూడా దాదాపు అదే, ఏ పనికోసం తీసుకుంటున్నారో చెప్పి తీసుకోమని. నంబర్లు తగ్గాయి. మేనేజర్ గారి మొహం కొన్నాళ్లు ముడుచుకునే ఉంది. తర్వాత ఆయనే చెప్పారు, వచ్చినవాళ్లు మాత్రం ఫోన్ ఎత్తుతున్నారని.

ఇదంతా అయ్యాక కూడా ఒక లోటు మిగిలిపోయింది. అది నాకు మా అపార్ట్‌మెంట్‌లో తెలిసింది. కింది ఫ్లోర్‌లో రిటైరైన పెద్దాయన ఒకరుంటారు. ఆయనకి డిజిటల్ అరెస్ట్ కాల్ వచ్చింది. వీడియోలో యూనిఫాం, వెనక గోడ మీద సీల్, మీ ఆధార్ మీద మనీ లాండరింగ్ కేసు ఉంది, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని. పెద్దాయనకి ఇవన్నీ తెలుసు. పేపర్ రోజూ అక్షరం వదలకుండా చదివే మనిషి. అయినా డబ్బు పోయింది. అంతకంటే బాధ, మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. "ఇంత చదువుకుని ఇలా మోసపోయానంటే పిల్లలు ఏమనుకుంటారమ్మా" అన్నారు. 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే, ఖాతాల మధ్య పరుగెత్తే డబ్బుని ఆపే అవకాశం అంత ఉంటుంది. ఆ మూడు రోజులు సిగ్గుకే పోయాయి.

ఆయన ఫోన్‌లో అలాంటి గైడ్లు ఎన్ని ఉన్నా ఆ గంటలో పనికొచ్చేవి కావు. ఎందుకంటే ఆ ఫోన్ తెర మీద దొంగ కూర్చుని ఉన్నాడు. హెచ్చరిక ఫోన్ బయట ఉండాలి.

మన ఇళ్లలో ఫోన్ బయట అందరి కంటా పడేది ఏంటి? కిరాణా షాపు వాళ్లిచ్చిన క్యాలెండర్. తిథి కోసం, కరెంట్ బిల్లు తేదీ కోసం, పాల లెక్క కోసం రోజూ చూస్తాం. ఇప్పుడు మేం ప్రతి డిజిటల్ గైడ్‌తో పాటు క్యాలెండర్ కింద అంటించే చిన్న కాగితం ఒకటి ఇస్తున్నాం. అందులో మూడే లైన్లు. "వీడియోలో అరెస్ట్ చేసే పోలీసు లేడు. ఫోన్ పెట్టేయండి. 1930కి ఫోన్ చేయండి." వెనక ఒక లైన్ పెద్దాయన కోసం రాశాను: "మోసపోవడం తప్పు కాదు, ఇంట్లో వెంటనే చెప్పండి." క్లయింట్ లోగో మూలన చిన్నగా ఉంటుంది. సీనియర్ ఆ కాగితానికి పాత ప్రెస్‌లో ముదురు పసుపు రంగు రకం ఎంచారు, గోడ మీద దూరం నుంచి కనపడాలని.

నెలాఖరున క్లయింట్‌కి రిపోర్ట్ పంపాలి. ఎంతమంది డౌన్‌లోడ్ చేశారు, ఏ పేజీలో ఎంతసేపు ఉన్నారు, ఎంతమంది నంబర్ ఇచ్చారు. అన్నిటికీ అంకెలుంటాయి, అందంగా గ్రాఫ్ వేసి ఇస్తాను. ఆ కాగితం చూసి వీడియో కాల్ కట్ చేసినవాళ్లెవరో, శుభలేఖ నొక్కబోయి ఆగినవాళ్లెందరో ఆ గ్రాఫ్‌లోకి రారు. పిన్ని ఒక్కతే లెక్క చెప్పింది. తన షాపు గ్రూపులో ఆ శుభలేఖని ఎనిమిది మందితో డిలీట్ చేయించిందట.

మీ ఇంట్లో ఆ కాగితం మీరే చేయొచ్చు. డిజైనర్ అక్కర్లేదు, స్కెచ్ పెన్ను చాలు. పెద్ద అక్షరాలతో 1930 అని రాసి క్యాలెండర్ పక్కన పెట్టండి. పెట్టేటప్పుడు నాన్ననో అమ్మమ్మనో పిలిచి ఇది ఎందుకో చెప్పండి. వాళ్లు ఏదైనా ప్రశ్న అడిగితే నవ్వకండి.